మాస్టారి వాటా

రాతి మీద ఒక జత చెప్పులు. వాటి పక్కన మడతపెట్టిన తువ్వాలు. తువ్వాలు మీద అరచేతి వెడల్పున రక్తం. టైము ఎనిమిదీ పది.

ఆ చెప్పులు ఎవరివో ప్యారట్ బే ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. ఎల్విన్ కోర్డ్‌నర్ మాస్టారివి. ఊరి బడికి ఇరవై ఆరేళ్ళు హెడ్మాస్టరుగా చేసి, రిటైరయ్యాక ఏమీ తోచక గంట గుర్తు మీద నిలబడి, రెండు వారాల క్రితం మా టొబాగో శాసనసభకి గెలిచిన పెద్దమనిషి. నా చేతివేళ్ళ మీద ఆయన బెత్తం దెబ్బలు పడ్డాయి. నా పై అధికారిణి ఇన్‌స్పెక్టర్ వెర్నా ట్రిమ్ చేతివేళ్ళ మీదా పడ్డాయి.

అసలు ఆ ఎన్నికలే ఒక తద్దినంలా తయారయ్యాయి. పధ్నాలుగు సీట్లు. గంట పార్టీకి ఏడు, తెరచాప గుర్తు పార్టీకి ఏడు. సభాపతిని ఎన్నుకుంటే తప్ప ప్రభుత్వం ఏర్పడదు. పదమూడు రోజుల్లో సభ మూడుసార్లు కూర్చుంది, మూడుసార్లూ ఏడుకి ఏడు ఓట్లు పడి లేచిపోయింది. ఈలోగా రోడ్ల మీద టైర్లు తగలబడుతూనే ఉన్నాయి. ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి మా ద్వీపం ముఖ్యపట్టణం స్కార్‌బరోలో నాలుగోసారి ఎన్నిక. మాస్టారు రాకపోతే గంటకి ఆరు, తెరచాపకి ఏడు. అంతే సంగతులు.

రిటైర్మెంటుకి నాలుగు నెలలున్న సార్జెంటుని నేను. పేరు నెడ్. ఇలాంటి కేసు నాలుగు నెలలాగి రాకూడదూ అని విసుక్కుంటూనే నోటుబుక్కు తీశాను.

తువ్వాలు, చెప్పులు మొదట చూసింది గంట పార్టీ ఏజెంటు రాండల్ బేన్స్. మాస్టారి కారు తోలడం, ఉపన్యాసాలు రాయడం, ఆయన వెనకాల గొడుగు పట్టుకుని నిలబడటం అన్నీ అతనే. ఇప్పుడు కర్చీఫు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కుతున్నాడు.

"మొదటినుంచి చెప్పండి బేన్స్ గారూ. టైములతో సహా," అంది వెర్నా.

"ఐదున్నరకి మాస్టారు సముద్రస్నానానికి బయల్దేరారమ్మా. ఇక్కడ ఊరివాళ్ళు ఒడ్డుమీంచి తాళ్ళతో అలివి వల లాగుతున్నారు. అలవాటు ప్రకారం ఆయనా కాసేపు తాడు పట్టారు. ఐదూ యాభైకి తాడు వదిలేసి ఈ బండల వెనక్కి వచ్చారు. ఆయన వెనకాలే ఆ క్లెవన్ టోబీ గాడు వెళ్ళాడు. నా కళ్ళారా చూశాను."

"మీరెక్కడున్నారు?"

"రోడ్డు మీద, కార్లో. టోబీ రెండు మూడు నిమిషాల్లో తిరిగొచ్చాడు. మాస్టారు రాలేదు. ఆరూ నలభైకి వెళ్ళి చూస్తే ఇదిగో, ఈ ఘోరం."

"యాభై నిమిషాలు కార్లోనే కూర్చున్నారా?"

"మాస్టారు స్నానానికి వెళ్తే గంట పడుతుంది కదమ్మా. అనుమానం రాలేదు," అని మళ్ళీ వెక్కాడు.

వెర్నా ఓదార్చలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తువ్వాలుకి ముక్కు దగ్గరగా పెట్టింది. పెన్సిలు మొనతో ఒక మడత పైకెత్తి నాకు చూపించింది. ఎండిన రక్తంలో రెండు చేప పొలుసులు అతుక్కుని ఉన్నాయి.

"సార్జెంట్, తువ్వాలు తడిసిందా?"

"లేదు మేడమ్. పొడిగా ఉంది."

"ఇసకలో పెనుగులాట?"

"ఏమీ లేదు. చెప్పులు కూడా గుమ్మం ముందు విప్పినంత బుద్ధిగా ఉన్నాయి."

వెనకనించి బూట్ల చప్పుడయింది. సూపరింటెండెంట్ గారెత్ లాలోండ్. అల్లర్లు అదుపు చెయ్యడానికి దేశ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి పన్నెండు రోజుల క్రితం దిగాడు. దిగిన రోజునుంచీ మమ్మల్ని సెలవుల్లో చుట్టాలింటికొచ్చినవాడు ఆ ఇంటి పనివాళ్ళని చూసినట్టు చూస్తున్నాడు.

"పొలుసులు చూశారా మిస్ ట్రిమ్?" అన్నాడు. "చేపలు కోసే కత్తి. జాలరి. నేను ఏడూ ఇరవైకే టోబీని అరెస్టు చేశాను. మీరు ఇంకా వాసనలు చూస్తున్నారు."

"చేప రక్తమే తువ్వాలు మీద పోసినా పొలుసులు ఉంటాయి సార్."

"పోసి? ఎవరికి లాభం? తెరచాపకి ఒక ఓటు లాభం. టోబీ తెరచాప మనిషి. ఎన్నికల రాత్రి రమ్ము షాపు ముందు వందమంది వింటుండగా 'మాస్టారూ, మీరు మళ్ళీ సముద్రంలో దిగినరోజు చెప్తా' అన్నాడు. ఇంకేం కావాలి మీకు?"

"శవం," అంది వెర్నా.

*

టోబీకి ముప్ఫయ్యేళ్ళుంటాయి. చేతులు తాడుకి ఒరుసుకుని కాయలు కాశాయి. సెల్‌లో బల్ల మీద కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు. ఈ దేశంలో హత్యకి ఉరే. ఆ సంగతి అతనికి చెప్పాల్సిన అవసరం లేకుండానే మొహం పాలిపోయి ఉంది. తొమ్మిదీ నలభై అయింది.

"బండల వెనక్కి ఎందుకెళ్ళావు?" వెర్నా గొంతులో దయా లేదు, కోపమూ లేదు.

"వల అంచు తాడు రాయికి తట్టుకుందక్కా. విడిపించి వచ్చేశా. కావాలంటే వాళ్ళనడుగు."

"అడిగాను. అందరూ అదే చెప్పారు. అందరూ నీ చుట్టాలే అంటున్నారు సూపరింటెండెంట్ గారు."

"ఈ ఊళ్ళో చుట్టాలు కానివాళ్ళెవరక్కా? నువ్వూ చుట్టానివే!"

నాకు నవ్వొచ్చింది. వెర్నాకి రాలేదు.

"మాస్టారు అక్కడ కనబడ్డారా?"

"కనబడ్డారు. నీళ్ళలోకి దిగలేదు. ఒడ్డున నిలబడి వాచీ చూసుకుంటున్నారు. స్నానానికొచ్చినాయన వాచీ ఎందుకు పెట్టుకున్నాడా అనుకున్నా. మాట్లాడలేదు, మా ఇద్దరికీ మాటల్లేవుగా."

వెర్నా పెన్సిలు ఆగింది. "వల ఎప్పుడు ఒడ్డుకొచ్చింది?"

"ఆరున్నరకి. మొత్తం పార చేపలే. నేనే కుప్పలు పోశా. ఇరవై మూడు చేతులు, ఇరవై మూడు కుప్పలు."

"మాస్టారి చెయ్యి కూడా లెక్కేశావా?"

టోబీకి రోషం వచ్చింది. "ఆయన గంటైతే నాకేంటి, గాడిదైతే నాకేంటి? తాడు పట్టిన చెయ్యి చెయ్యే. మా నాన్న నాకు నేర్పింది అదొక్కటే."

అది నిజం. మా తీరంలో అలివి వల తాడు ఒక్క నిమిషం పట్టుకున్నా సరే, నీ వాటా నీకుంటుంది. నువ్వు వెళ్ళిపోతే బాదం ఆకు కప్పి పక్కన పెడతారు. పక్కవాడు ముట్టుకోడు. ఒకవేళ ఆ పొద్దునే మనిషి సముద్రంలో పోయాడని తెలిస్తే, అతని వాటా ఎవరూ తినరు. పెద్దవాళ్ళు తీసుకెళ్ళి నీళ్ళలో వదిలేస్తారు. అలా వదిలారంటే ఆ మనిషికి ఊరు నీళ్ళొదులుకున్నట్టే లెక్క.

"మాస్టారి వాటా ఏమైంది?" వెర్నా అడిగింది.

"అదే గొడవక్కా. బేన్స్ వచ్చి తువ్వాలు, రక్తం అని అరిచాడు కదా. ముసలాళ్ళు ఏడుస్తూ, మాస్టారి కుప్ప నీళ్ళల్లో వదిలేద్దామన్నారు. ఎత్తారు కూడా. అంతలో ఆయన చెల్లెలు మిస్ అయిలీన్ బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. 'ఎవడ్రా మా అన్నయ్య చేపలు నీళ్ళల్లో పోసేది? ఇటివ్వండి!' అని లాక్కుని పోయింది."

"ఎన్నింటికి?"

"ఏడూ పది. ఆ తరవాత పది నిమిషాలకే నన్ను పట్టుకున్నారు."

"ఏడ్చిందా?"

"లేదు. కోప్పడింది."

"బండల వైపు వెళ్ళిందా?"

"లేదక్కా. అందరూ అటే చూస్తున్నారు. తను మాత్రం అటు తలే తిప్పలేదు."

వెర్నా లేచింది. నేను నోటుబుక్కు మూసేలోపే తలుపు దగ్గరకి వెళ్ళిపోయింది. లాలోండ్ వరండాలో టైపు చేసిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు. గేటు బయట నాలుగు వందలమంది గంట పార్టీవాళ్ళు "టోబీని బయటికి తోలండి" అని అరుస్తున్నారు. ఒకడి చేతిలో తాడు కూడా ఉంది.

"పన్నెండు గంటల వార్తల్లో ఇది చదువుతారు," అన్నాడు లాలోండ్. "శాసనసభ్యుడు కోర్డ్‌నర్ హత్య. నిందితుడు దొరికాడు."

"సార్, ఒక్క మాట. 'కనబడటం లేదు' అనండి. 'హత్య' అనకండి."

"బయట వింటున్నారా? హంతకుణ్ణి చూపిస్తే ఇళ్ళకి పోతారు. చూపించకపోతే స్టేషను తగలబెడతారు."

"సభ్యుడు రాకపోతే సభ ఆగదు. సభ్యుడు చనిపోయాడని పోలీసులు ప్రకటిస్తే మాత్రం సభ వాయిదా. ఉప ఎన్నిక. టోబీ నిజంగా తెరచాప కోసమే చంపి ఉంటే, మీ కాగితం వాళ్ళ నోటి దగ్గర కూడు లాగేస్తోంది. మరి ఎవరి నోట్లో పెడుతోంది?"

"నేను పోలీసువాణ్ణి. రాజకీయాలు నాకెందుకు?"

"రాజకీయం చేసేవాళ్ళందరూ మొదట అనేది అదే సార్."

లాలోండ్ మొహం జేవురించింది. "చేపల వాటాలు లెక్కపెట్టుకునే ఇన్‌స్పెక్టర్ దగ్గర పాఠాలు నేర్చుకోవాల్సిన ఖర్మ నాకు లేదు. పన్నెండులోగా కోర్డ్‌నర్‌ని నడిపించుకుని తీసుకురండి, కాగితం చింపేస్తాను. లేకపోతే నోరు మూసుకోండి."

వెర్నా నోరు మూసుకుంది. జీపెక్కాక మాత్రం నాకు అర్థమయ్యేటట్టు, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కి వినపడేటట్టు రెండు మాటలంది. ఆడపిల్ల నోట అలాంటివి రాకూడదని మా అమ్మ అనేది.

*

పావుగంట దారికి గంటకి పైగా పట్టింది. మూడుచోట్ల టైర్లు తగలబెట్టి అడ్డం పెట్టారు. ఒకచోట గంటవాళ్ళు, రెండుచోట్ల తెరచాపవాళ్ళు. ఎవరికి వాళ్ళు మమ్మల్ని అవతలి పార్టీకి అమ్ముడుపోయామని తిట్టారు. మాస్టారి ఇల్లు చేరేసరికి పదకొండూ ముప్ఫై అయిదు.

వంటింటి కిటికీలోంచి పులుసు వాసన వస్తోంది. అరటికాయలు, పిండి ఉండలు, పార చేప. పొద్దున్నుంచి ఏమీ తినని నా కడుపు సిగ్గులేకుండా గుర్రుమంది. మిస్ అయిలీన్ పొయ్యి ముందు నిలబడి ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి. నల్లబట్టలు కట్టుకుంది. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. కిటికీలో రేడియో సన్నగా పాడుతోంది.

"అత్తా," అంది వెర్నా లోపలికి వెళ్తూనే. "ఒక్కదానివే ఉన్నావా? చర్చి ఆడవాళ్ళెవరూ రాలేదా?"

"నేనే వద్దన్నానమ్మా. ఎవరినీ చూడాలని లేదు."

"బేన్స్ వచ్చాడా?"

"ఎందుకు రాడు, పాపం. పలకరించి వెళ్ళాడు."

"ఎన్నింటికి?"

"తొమ్మిదికేమో. గడియారం చూశానా ఏమన్నానా?"

వెర్నా గరిటె తీసుకుని, అడక్కుండానే పులుసు రుచి చూసింది. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో తిని పెరిగిన చొరవ అది. "ఉప్పు లేదు."

అయిలీన్ చేతులు ఏప్రాన్‌లో చుట్టుకుంది. "పోయినవాళ్ళకి పెట్టే కూటిలో ఉప్పు వెయ్యంగా. నీకు తెలీదా?"

తెలుసు. ఈ ద్వీపంలో పెద్దల కోసం వండేది చప్పగానే వండుతారు. నేను తలవంచుకున్నాను. ఒక్కక్షణం మాస్టారు నిజంగానే పోయారనిపించింది. వెర్నా మాత్రం పొయ్యి పక్కన మూతపెట్టిన గిన్నె తెరిచి చూస్తోంది. అందులో ఉడికిన చేప ముక్కలు తెల్లగా, విడివిడిగా ఉన్నాయి. దాని పక్కన పాత పేపరు మీద గుప్పెడు ముళ్ళు.

"పోయినవాళ్ళకి ముళ్ళు తీసి పెడతామా అత్తా?"

అయిలీన్ ఆ పేపరు మడిచి ముళ్ళు కప్పేసింది.

"మాస్టారికి రక్తపోటు. ఉప్పు తినరు. కట్టుడుపళ్ళు, అందుకని ముళ్ళు తీసి పెడతావు. ఇరవయ్యేళ్ళుగా నేను చూస్తున్నాను. ఇక్కడ గూట్లో ఎప్పుడూ రెండు క్యారియర్లుండేవి. ఒకటే ఉంది. రెండోది ఎక్కడ?"

"తోమడానికి..."

"తొట్లో లేదు. పొద్దున అందరూ రక్తం చూసి ఏడుస్తుంటే నువ్వు చేపల కోసం పోట్లాడావు. ఎందుకు?"

ముసలామె గభాల్న కుర్చీలో కూలబడింది. ఇప్పుడొచ్చాయి కన్నీళ్ళు.

"ఏం చెయ్యనే? వాళ్ళు అన్నయ్య వాటా నీళ్ళల్లో వదిలేస్తున్నారని పక్కింటమ్మ వచ్చి చెప్పింది. బతికున్న మనిషికి అలా వదిలితే ఇంకేమన్నా ఉందా? చేతులారా చంపుకున్నట్టు కాదూ? బయటికి రావద్దన్నాడు బేన్స్. అయినా నా కాళ్ళు ఆగలేదు."

నేను సిలువ గుర్తు వేసుకున్నాను. బతికే ఉన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాను.

"ఎక్కడున్నారు?" వెర్నా ఆమె ముందు నేలమీద కూర్చుంది.

"నాకు తెలీదమ్మా, ఒట్టు. బండల వెనకనించి పడవెక్కించారు. తెరచాపవాళ్ళు చంపడానికి మనుషుల్ని పెట్టారట. సభ టైముకి కాపలాతో తీసుకెళ్తామన్నాడు బేన్స్. తువ్వాలు సంగతి నాకూ ముందు చెప్పలేదు. అడిగితే, ఎవరూ వెతక్కుండా చిన్న నాటకం అన్నాడు. తొమ్మిదికి వచ్చి క్యారియర్ పట్టుకెళ్ళాడు. పన్నెండుకి మధ్యాహ్నం భోజనానికి మళ్ళీ వస్తానన్నాడు."

"అత్తా, బాగా ఆలోచించి చెప్పు. రాత్రి ఇక్కడ ఏం జరిగింది? పార్టీవాళ్ళు వచ్చారా?"

"వచ్చారు. బేన్స్, ఇంకో ఇద్దరు పెద్దలు. అన్నయ్య వాళ్ళతో చెప్పేశాడు. రేపు నా ఓటు తెరచాప మనిషికే వేస్తున్నాను అన్నాడు."

నా నోటుబుక్కు జారి కింద పడింది.

"పదమూడు రోజులనించి ఆసుపత్రిలో మందుల్లేవు, బళ్ళు మూసేశారు. మనం గెలవలేదు, వాళ్ళూ గెలవలేదు, ఎవడో ఒకడు తగ్గాలి, నేను తగ్గుతాను అన్నాడు. పెద్దలిద్దరూ కుర్చీలు తన్ని వెళ్ళిపోయారు. బేన్స్ ఒక్కడే మంచివాడు. అన్నయ్య కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. మీ ఇష్టం మాస్టారూ, కానీ మీరిలా వేస్తారని తెరచాపవాళ్ళకి తెలీదు కదా, ఈలోగా మిమ్మల్ని చంపేస్తారు, నేను కాపాడుకుంటాను అన్నాడు."

వెర్నా కళ్ళు మూసుకుంది. ఆమె పెదాలు పాలిపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"కాపాడటానికి కాదు అత్తా," అంది మెల్లిగా. "మాస్టారు రెండింటికి సభలో అడుగుపెడితే గంట పార్టీ ఓడిపోతుంది. రాకపోయినా ఓడిపోతుంది. ఆయన చచ్చిపోతేనే, అదీ తెరచాప మనిషి చేతిలో చచ్చిపోతేనే, సభ ఆగుతుంది. ఉప ఎన్నికలో సానుభూతి ఓట్లన్నీ గంటకే పడతాయి."

"మరి పొద్దునే ఎందుకు చంపలేదు?" అన్నాను నేను.

"పొద్దున చంపి, గంటవాళ్ళ మీదే అనుమానం వస్తే? ముందు టోబీ దొరకాలి. పోలీసులే నమ్మాలి. నమ్మకపోతే రెండింటికి మాస్టార్ని ఏదో పొదల్లో దొరికినట్టు బయటికి తీసి, కాపాడింది మేమే అనొచ్చు. అందాకా తిండి పెట్టి ఉంచుతారు." ఆమె చివాల్న లేచింది. "సార్జెంట్, టైమెంత?"

"పదకొండూ యాభై ఎనిమిది."

"వైర్‌లెస్! లాలోండ్‌ని పట్టుకోండి. బతికే ఉన్నారని చెప్పండి, వార్త ఆపమనండి!"

నేను జీపు దగ్గరకి పరిగెత్తాను. యాభై నాలుగేళ్ళ మోకాళ్ళు ఆ పరుగుకి ఇప్పటికీ నన్ను క్షమించలేదు. వైర్‌లెస్‌లో స్టేషను పలికింది. సూపరింటెండెంట్ గారు గేటు దగ్గర మైకులో జనంతో మాట్లాడుతున్నారు, కాగితం పావుగంట క్రితమే రేడియోవాళ్ళకి వెళ్ళిపోయింది అన్నాడు అవతల కానిస్టేబులు. వాడికి చెప్పాల్సింది చెప్పి, తిట్టాల్సింది తిట్టి వెనక్కి వచ్చేసరికి వంటింట్లో పాట ఆగిపోయి ఉంది.

'శాసనసభ్యుడు ఎల్విన్ కోర్డ్‌నర్ ఈ ఉదయం హత్యకు గురైనట్టు పోలీసులు ధ్రువీకరించారు. ప్యారట్ బేకి చెందిన క్లెవన్ టోబీపై హత్యానేరం మోపారు. మధ్యాహ్నం జరగవలసిన సభ నిరవధికంగా వాయిదా పడింది...'

అయిలీన్ రేడియో కేసి చూస్తూ ఉండిపోయింది. "ఏం మాట్లాడుతున్నారు వీళ్ళు? బతికున్నాడని చెప్పండి! ఎవరన్నా చెప్పండి!"

"ఆ పడవ ఎవరిదో చెప్పు అత్తా. రంగు చూశావా? ఎటు వెళ్ళింది? పన్నెండుకి బేన్స్ వస్తానన్నాడుగా, ఏ రోడ్డున వస్తాడు? ఇప్పుడు వాడే మనకి దారి," వెర్నా వరసగా అడుగుతోంది. ఒకపక్క తుపాకీ తీసి చూసుకుంటోంది. నేను జీపుని వెనక సందులో దాచాను. బేన్స్ క్యారియర్ కోసం వస్తాడు, వెనకాలే వెళ్తే మాస్టారు దొరుకుతారు. అదొక్కటే ఆశ. అయిలీన్ మిగిలిన క్యారియర్ సర్దింది. కింద గిన్నెలో పులుసు, పై గిన్నెలో ముళ్ళు తీసిన చేప. మూతలు బిగించి గుమ్మం దగ్గర పెట్టింది.

ముగ్గురం రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాం. కారు రాలేదు. ముందు గదిలో ఫోను మోగింది.

వెర్నా ఎత్తమని సైగ చేసింది. అయిలీన్ రిసీవరు చెవికి పెట్టుకుని, "ఊఁ," అంది. "ఊఁ. సరే నాయనా." పెట్టేసింది. అవతల మాట్లాడింది నిండా పది సెకన్లు లేదు.

"బేన్స్. భోజనం వద్దట. తను ఇక రావడం లేదట." ఆమె మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఎవరో ఒకరు కాదనమని బతిమాలుతున్నట్టుంది ఆ చూపు. "ఫోనులో వెనకాల పడవ ఇంజను చప్పుడు వినిపించింది. అన్నయ్యకి ఆకలిగా లేదట."

రేడియోలో ఆ వార్త చదివి అప్పటికి ఏడు నిమిషాలైంది.